కుడివైపు నేర్చిన కాలు

మాఘ శుద్ధ విదియ

నా కొత్త కాలు ఈ రోజు తాళ్ళబుట్టలో కొండెక్కి వచ్చింది. దానితో పాటు రెండు చోడిపిండి బస్తాలు, ఒక పిల్లి, కాళ్ళు కుదిర్చే సన్యాసిరావు వచ్చారు. పిల్లి అందరికంటే ముందు దిగి, కాలిని వాసన చూసి, తనకు పనికిరాదని వెళ్ళిపోయింది.

సన్యాసిరావు దాన్ని తడిగుడ్డలోంచి బయటికి తీశాడు. వాన మబ్బు రంగులో ఉంది. పాదం మెత్తగా ఉంది, పుట్టిన పిల్ల పాదంలా.

"అచ్చియ్యమ్మప్పా, దీనికి ఏటీ తెల్దు. దీని లోపల బెల్లంపాకం లాటి జిగురుంతాది. ఈ నెలంతా మెత్తగుంతాది. నివ్వెలగ నడిస్తే అలగ నేర్చుకుంతాది. అమాస నాటికి పాకం ముదిరిపోతాది. ఆ మీద బెమ్మదేవుడొచ్చినా దీని నడక మార్చనేడు" అన్నాడు.

కుడి మోకాలి కింద మిగిలిన నా మొండికి మేజోడు తొడిగి, గిన్నెలాంటి పైభాగంలోకి దించాడు. రెండు తాళ్ళ మధ్య నిలబెట్టాడు. బరువంతా మోకాలిచిప్ప కింద పడింది. ఇంత కాలం ఎవరూ తాకని చోటది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ముందు మడమ. తరవాత పాదమంతా. ఆకర్న వేళ్ళ మీంచి లెగాలి. దాని మీద నిలబడ్డానికి భయపడి గెంతేత్తారు అందరూ. గెంతొద్దు. నమ్మాల" అన్నాడు.

నమ్మడం నాకు కొత్త కాదు. మబ్బాలమ్మ తల్లిని తలచుకుని నిలబడ్డాను. నిలబెట్టింది.

వలల మేస్త్రి బంగారమ్మప్ప గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. నా కాలు పోయిన రోజున తన చీర చింపి నా తొడకు కట్టి, వీపు మీద నన్ను మోసుకొచ్చింది ఆవిడే. అయినా ముఖం గంటుగా పెట్టుకునే చెప్పింది.

"కాలు ముదిరిన మర్నాడు వలల కాడ చెక్కబల్ల మీద నడిచి సూపించాలి అచ్చీ. పోయి రావాల. నేదంటే కిందూరే. నాకు మనసుండి కాదు."

నాకు తెలుసు. ఈ కొండ మీద నూతులు లేవు, వానలూ లేవు. తెల్లవారుజామున సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బును వలలు పట్టి ఇచ్చే నీళ్ళే నీళ్ళు. వల దులిపే వాళ్ళకూ వాళ్ళింట్లో ఒకరికీ మాత్రమే అవి సరిపోతాయి. దులపలేని వాళ్ళు కిందూరికి దిగిపోవాలి. అక్కడ గొట్టాల్లో నీళ్ళు వస్తాయంటారు. మబ్బు రాదు. మబ్బాలమ్మ గుడి లేదు. మా ఆయన పోయాక నేనూ మా ఆడపడుచు నూకాలూ ఇక్కడే ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. నేను దిగితే తానూ దిగాలి.

శుద్ధ పంచమి

రోజూ నడవమన్నాడు సన్యాసిరావు. ఎంత నడిస్తే అంత మంచిదన్నాడు. ఈ కొండ మీద మెట్లూ వాలులూ తప్ప చదునైన నేల ఎక్కడుంది? కొండ నెత్తినున్న మబ్బాలమ్మ గుడి చుట్టూ రాతి అరుగు ఒక్కటే. అందుకని అమ్మవారికి మొక్కుకున్నాను. అమాస దాకా నా నడకంతా నీ చుట్టూ ప్రదక్షిణమే తల్లీ అని.

ఒక సందేహం వచ్చి నూకాల్ని అడిగాను. గుడి అరుగు మీదికి చెప్పులతో ఎక్కకూడదు గదా, మరి ఈ కాలు విప్పాలా?

"సెప్పులైతే ఇప్పొచ్చు వొదినా. కాలిప్పేస్తే తల్లి కాడికి దేక్కుంటూ ఎల్తావేటి? కడుక్కుని ఎక్కు. తల్లికి తెల్దా ఏటి!"

రెండు పాదాలూ కడుక్కుని ఎక్కాను. ఒకటే తడిసినట్టు తెలియాలి. కానీ రెండూ తెలిశాయి. లేని వేళ్ళ సందుల్లోకి కూడా చన్నీళ్ళు జారాయి. ఈ సంగతి సన్యాసిరావుకు చెబితే అది అందరికీ ఉండేదే అన్నాడు గాని, నాకు మాత్రం ఆ పాదం ఎక్కడో మబ్బుల్లో నిలబడి ఉందనిపిస్తుంది. నేను నీళ్ళు పోసినప్పుడల్లా అక్కడ తడుస్తుంది.

శుద్ధ ఏకాదశి

ఉపవాసం. ఒంట్లో బరువు తగ్గితే నడక కూడా తేలికవుతుంది.

పొద్దున్నే గుడి కనిపించదు. మబ్బు అరుగు మీదే పడుకుని ఉంటుంది. కుడిచేత్తో గోడను రాసుకుంటూ తిరుగుతాను. నా అడుగులు రెండు రకాలుగా వినిపిస్తాయి. ఒకటి చెప్పినట్టు, ఒకటి వింటున్నట్టు. మధ్యాహ్నానికి మొండి సన్నబడి గిన్నె వదులవుతుంది. అప్పుడు కూర్చుని ఇంకో మేజోడు తొడుక్కుని మళ్ళీ లేస్తాను. కాలు ఇప్పుడు నా కంటే ముందే మలుపు తెలుసుకుంటోంది. మూల రాకముందే తిరుగుతుంది. నేను కళ్ళు మూసుకున్నా గుడి చుట్టూ తీసుకెళ్తుంది. సంతోషం వేసింది. దీనికి భక్తి అబ్బింది అనుకున్నాను.

సాయంత్రం ఒక చిత్రం జరిగింది. నీళ్ళదోనె దగ్గర నూకాలు పిలిస్తే నేరుగా బయలుదేరాను. తీరా చూస్తే పక్కింటి కోళ్ళగూటి ముందు నిలబడి ఉన్నాను.

"గుడ్లు కావాలంతే అడగొచ్చు కదొదినా, ఏకాదశి పూట ఇదేటి!" అని నూకాలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

పౌర్ణమి

ఇక నవ్వు లేదు.

సన్యాసిరావు వచ్చాడు. నూకాలు దగ్గర ముగ్గుపిండి తీసుకుని వీధిలో తిన్నని గీత గీసి, దాని మీద నడవమన్నాడు. నడిచాను. గీత ఎడమకు వెళ్ళిపోయింది. మళ్ళీ నడిచాను. మళ్ళీ వెళ్ళిపోయింది. గీతే కదులుతోందని ప్రమాణం చేసి చెప్పగలను. కాని అది నేల మీద ముగ్గు.

అతను కూర్చుని పాదం పట్టుకుని చూశాడు. కుడివైపుకు ఒరిగి, బయటి అంచు మీద బరువు పెట్టడం అలవాటు చేసుకుందట. అడుగు కూడా ఎడమకాలి కంటే పొట్టిగా వేస్తోందట.

"నివ్వు ఎక్కడ నడిచినావప్పా?"

"అమ్మవారి చుట్టూ."

"రోజూనా?"

"రోజూ. మొక్కుకున్నాను తమ్ముడూ."

ముందు పకపకా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. నుదురు కొట్టుకున్నాడు.

"నడవమన్నాను గానీ తిన్నగా నడవమని సెప్పనేదు నాను. కిందూర్లో అందరూ తిన్నగానే నడుస్తారు. నడకంటే గుడి సుట్టూ తిరగడవని దీనికి నేర్పేసినావు నివ్వు."

బంగారమ్మప్ప నా చెయ్యి పట్టుకుని బల్ల మొదటికి తీసుకెళ్ళింది. కొండ నడుముకు వడ్డాణంలా చుట్టిన ఇరుకు చెక్కదారి అది. వెళ్ళేటప్పుడు కొండా వలలూ కుడిచేతి వైపు. ఎడమచేతి వైపు లోయ. అటు పక్కన పట్టుకోవడానికి ఒక్క తాడు.

"పోయేటప్పుడు నీ కాలు నిన్ను వలల మీదికి తోస్తాది. బాగానే ఉంతాది. మరి వొచ్చేటప్పుడు?"

వచ్చేటప్పుడు కొండ ఎడమకు వస్తుంది. లోయ కుడికి వస్తుంది.

"నిన్నొకసారి మోసినాను. రెండోసారి మొయ్యడానికి నా కాడ వీపు నేదు అచ్చీ" అంది.

సన్యాసిరావు వెళ్తూ వెళ్తూ మందు చెప్పాడు. పాకం సగమే ముదిరిందట. మిగిలిన రోజులు ఎడమవైపు తిరగాలట. గుడి చుట్టూనే, ఎదురు తిప్పు.

బహుళ తదియ

అమ్మవారి చుట్టూ అప్రదక్షిణం చేయమంటాడు! అతను చిన్నవాడు, తెలియదు. ఎడమవైపు తిరిగేది శవం చుట్టూ. మా ఆయన చుట్టూ అలా తిరగడం దూరం నుంచి చూశాను. ఆ తిరుగుడు నా కాలితో అమ్మవారికి ఎలా చేయను?

గుడి కాకపోతే బండ చుట్టూ తిరగమంది నూకాలు. బండ చుట్టూ రెండు సార్లు తిరిగేసరికి అది ఎవరిదో సమాధి అయిపోయింది. బావురుమన్నాను. నీళ్ళకుండ చుట్టూ తిరిగితే అది పగలగొట్టాల్సిన కుండలా కనిపించింది.

చివరికి నూకాలే అరుగు కింద కొంగు బిగించి నిలబడింది.

"నా సుట్టూ తిరుగు."

"నిన్ను శవాన్ని చేసి తిరగమంటావా?"

"సచ్చినాక ఎవరు తిరిగినారో సూడ్డానికి నానుంతానా? బతికుండగానే సూసుకుంతే తప్పేటి? తిరుగు వొదినా, ఎండెక్కిపోతంది."

తిరగలేకపోయాను. దాని ముఖం నవ్వుతోంది గాని కళ్ళు కిందూరి వైపు చూస్తున్నాయి. పోయినసారి దిగిన వాళ్ళు చీరలన్నీ ఎవరికో ఇచ్చేసి దిగారు. మబ్బు తడి లేని చోట నేతచీరలు పెళుసెక్కి చిరిగిపోతాయట. నూకాలు నిన్న తన పెట్టె తెరిచి చూసుకోవడం చూశాను.

బహుళ దశమి

ఏమీ లేని చోటు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మధ్యలో రాయి లేదు, కుండ లేదు, మనిషి లేదు. మబ్బు మాత్రం ఉంది. దానికి చావూ లేదు, పుట్టుకా లేదు. తప్పు రాదనుకున్నాను.

కాలు ఒప్పుకోదు. ఎడమకు నేను లాగితే కుడికి అది లాగుతుంది. మా ఇద్దరి మధ్యా మొండి నలిగి ఎర్రబడింది. నూకాలు వేపాకు రసం రాసింది. ఒక పూట విప్పి ఉంచాను.

ఆ పూట కునుకు పట్టింది. కలలో నేను ఖాళీ చోటు చుట్టూ తిరుగుతున్నాను. మధ్యలో నా పోయిన పాదం ఒక్కటే నిలబడి ఉంది. తడిగా, పుట్టుమచ్చతో సహా. నేను తిరుగుతుంటే అది కూడా ఉన్నచోటే నెమ్మదిగా తిరుగుతోంది, నా ముఖం చూడాలన్నట్టు. ఎటు తిరిగినా దానికి నేనే ఎదురుగా ఉన్నాను. భయం వేయలేదు. చిన్నప్పుడు కట్టుకున్న గుడ్డను పెట్టెలో మళ్ళీ చూసినట్టు ఉంది.

లేచాక కొత్త కాలిని చేతుల్లోకి తీసుకుని క్షమించమన్నాను. నేర్పింది నేను. నేర్చుకోవడం దాని తప్పు కాదు.

అమావాస్య

సన్యాసిరావు గోటితో పిక్క మీద కొట్టి చూశాడు. కొబ్బరిచిప్పలా మోగింది.

"ముదిరిపోనాది."

మళ్ళీ ముగ్గుగీత గీశాడు. వంకర ఇదివరకంత లేదు. కొంచెం దూరం గీత మీదే ఉంటాను. తరవాత కుడికి వంపు. ఇంట్లో నడవడానికి, వీధిలో నడవడానికి చాలు. బల్ల మీద చాలదు.

"ఇంకో కాలు తెప్పించడానికి ఏళ్ళు పడతాదప్పా. నాను కిందూర్లో మీ ఇద్దరికీ మంచి గది సూస్తాను. కిటికీ ఉండేలాగ" అన్నాడు. తల వంచుకునే అన్నాడు. పాపం, మంచివాడు.

రేపు నడవకుండానే దిగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అంది బంగారమ్మప్ప. నడుస్తానన్నాను.

"పడితే?"

"నడవకుండా ఓడిపోతే అమ్మవారికి నేనేం చెప్పుకోను అప్పా?"

ఆవిడ తాడు ముడులు సరిచూడడానికి వెళ్ళిపోయింది.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

ఇది సాయంత్రం రాస్తున్నాను.

తెల్లవారగానే బల్ల మొదటికి వెళ్ళాం. ఆ పాటికే మబ్బు వలల నిండా ఉంది. బల్ల ఎక్కేవాళ్ళు 'పోయొస్తాను' అనాలి, గట్టు మీద వాళ్ళు 'పోయి రా' అనాలి. మా కొండ మీద ఆ మాట లేకుండా ఎవరూ బల్ల మీద కాలు పెట్టరు.

"పోయొస్తాను" అన్నాను.

బంగారమ్మప్ప తాడు ముడి ఇంకోసారి లాగి చూసింది. "పోయి రా" అంది ఆఖరికి. సన్యాసిరావు కిందికి దిగాల్సిన బుట్టను ఆపించి మరీ నిలబడ్డాడు. నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళడం సులువుగానే ఉంది. కాలు కుడికి ఒరిగినప్పుడల్లా వల నన్ను ఆపింది. చీపురుతో వల దులిపాను. నీళ్ళు జలజలా దోనెలో రాలాయి. ఇన్నాళ్ళకు ఆ చప్పుడు నా చేతి కింద విన్నాను. ముందు మడమ, తరవాత పాదమంతా, ఆఖరున వేళ్ళు. మబ్బులో నాకు నేనే కనిపించడం లేదు. నడక ఒక్కటే ఉంది. ఇది కలే అయితే లేపకు తల్లీ అనుకున్నాను.

వలలు అయిపోయాయి. ఆ చివర వెదురుకంచె ఉంది. దాని అవతల పొడిదిక్కు. అటు మబ్బు సరిగా రాదు. నిరుడు అక్కడే వలను బిగించి కట్టిన తీగ తెగి నా కాలు పోయింది. ఆ తరవాత అటు వలలు విప్పేశారు. చెక్కలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎవరూ అటు వెళ్ళరు.

వెనక్కి తిరిగాను. ఒక్క అడుగు వేశాను. కాలు నన్ను లోయ వైపు తీసుకెళ్ళింది. తాడు పొట్టకు తగిలింది. కింద ఏమీ లేదు, తెలుపు తప్ప. తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కాలితో చెప్పాను, ఎడమకు రా అమ్మా అని. రాలేదు. దానికి తెలిసింది ఒక్కటే. నడి మధ్యన ఉన్నదాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం.

నడి మధ్యన ఉన్నది ఏమిటి? కొండ.

కొండ నెత్తిన ఎవరున్నారు?

ఒళ్ళు ఝల్లుమంది. మెల్లగా మళ్ళీ ముందుకే తిరిగాను. కంచె ముడి విప్పాను.

పొడిదిక్కు చెక్కలు ఎండకు గుల్లబారి ఉన్నాయి. కొత్త కాలికి చెక్క సంగతి తెలియదు, అందుకని ప్రతి చెక్కనూ ముందు ఎడమకాలితో తట్టి చూశాను. ఒకచోట చెక్కే లేదు. దాటాలంటే బరువంతా కొత్త కాలి మీద పెట్టి ఎడమకాలు అవతల వేయాలి. గెంతొద్దు, నమ్మాల అన్న మాట గుర్తు తెచ్చుకున్నాను. నిలబడ్డాను. కాలు కుడికి ఒరిగింది. నా భుజం కొండరాతికి ఆనింది. రాయి చల్లగా, గట్టిగా ఉంది. అమ్మ నడుముకు ఆనుకున్నట్టే. ఎడమకాలు అవతల పెట్టాను.

మలుపు తిరిగేసరికి వెనక నుంచి ఎండ వచ్చింది. ఎదురుగా ఒక మబ్బుతునక నిలబడి ఉంది. దాని మీద నిలువెత్తు రూపం. తల చుట్టూ రంగుల వలయం. చీపురు కిందపెట్టి రెండు చేతులూ జోడించాను. ఆ రూపం కూడా నాకు చేతులు జోడించింది. అప్పుడు తెలిసింది, అది నా నీడ. సిగ్గేసింది. నవ్వొచ్చింది. అయినా చేతులు వెంటనే దించలేదు. నీడకు రెండు కాళ్ళూ ఒకలాగే ఉన్నాయి.

ఆ తరవాత ఎంత నడిచానో నాకు సరిగా తెలియదు. కొండ కుడిచేతి కిందే ఉంది. ఎండ కొంచెంసేపు, నీడ కొంచెంసేపు. గిన్నె వదులైతే ఒక రాతి మీద కూర్చుని మేజోడు తొడుక్కున్నాను. దాహం వేసింది. మళ్ళీ మబ్బు చల్లగా ముఖానికి తగిలినప్పుడు ఊరు దగ్గరపడిందని అర్థమైంది.

ముందు నూకాలు ఏడుపు వినిపించింది.

"నాను సెప్పినాను గదా, వద్దన్నాను గదా! వొదినా! ఓలమ్మో, వొదినా!"

మబ్బులోంచి వాళ్ళ వీపులు కనిపించాయి. అందరూ నేను వెళ్ళిన వైపే చూస్తున్నారు. సన్యాసిరావు నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. బంగారమ్మప్ప ఒక పాదం బల్ల మీద పెట్టి, గుప్పిట్లో తాడు బిగించి, అచ్చీ అని పిలుస్తోంది. ఆ పిలుపు లోయలోకి వెళ్ళి తిరిగి వస్తోంది.

"ఎవరి కోసం అప్పా?" అన్నాను వెనక నుంచి.

సన్యాసిరావు కెవ్వుమన్నాడు. నూకాలు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసి, తరవాత వచ్చి పాదాలు తడిమింది. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయట. రెండూ ముందుకే ఉన్నాయని చూసుకుని, వీపు మీద ఒక్కటి చరిచింది.

బంగారమ్మప్ప కదలలేదు.

"ఎటునుంచొచ్చినావు?"

"కొండ చుట్టూ."

"పొడిదిక్కునా? బుద్ధి నేదేటే నీకు? పోయి రమ్మన్నాను గానీ ఇలగ రమ్మన్నానేటి?"

"ఎలగ రావాలో సెప్పనేదు గదప్పా."

వలల మీంచి నీళ్ళు దోనెలో పడుతూనే ఉన్నాయి. ఆవిడ నా కాలి వైపు చూసింది, కొండ వైపు చూసింది. గాలిలో వేలితో ఒక చుట్టు చుట్టింది, అటునుంచి ఇటు. పెదవులు కదిలాయి. ఏదో లెక్క వేసుకుందో, తల్లి పేరు అనుకుందో నాకు తెలియదు.

"రేపూ ఇలగే వొస్తావేటి?"

"ఇలగే వస్తాను. దీనికి వేరే దారి రాదు."

"అటు చెక్కలెలగున్నాయి?"

"ఒకటి లేదు. నాలుగైదు గుల్లబారినాయి. తాడు చివికిపోనాది."

బంగారమ్మప్ప కొంగుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుంది. సన్యాసిరావు నడుముకు కట్టుకున్న తాడు విప్పి చేతికి చుట్టుకుంది.

"సూస్తారేటి? సుత్తీ మేకులూ అట్టుకు రండి. చీకటి పడకముందే ఆ దిక్కు చెక్కలెయ్యాల. రేపు మా అచ్చి అటునుంచి రావాల."